ఇంటికొక గరిటె

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే దారిలో, ఊళ్లకు కాస్త ఎడంగా, మెట్ట పొలాల మధ్య ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. నా భార్య అక్కడి ఆఫీసులో సూపరింటెండెంటు. ఆ గోడలు లేస్తున్న రోజుల్లో ఆత్మకూరు విలేకరిగా వాటి గురించి వార్తలు రాసినవాణ్ని నేను. విలేకరి పని మానుకున్నాక వెళ్లి ఆమె క్వార్టర్‌లో చేరాను. అక్కడ నన్ను అందరూ మేడమ్ గారి సారు అంటారు. పనేమీ లేని మనిషిని. అరుగు మీద కూర్చుంటే అందరి కబుర్లూ నా ముందు నుంచే నడిచి వెళ్తుంటాయి.

పరీక్షలు అయిపోయి హాస్టళ్లకు తాళాలు పడ్డాక ఆ ప్రాంగణం వేరే ఊరులా మారుతుంది. పిల్లకాయల అరుపులుండవు. మెస్సు వెనక కోతులు దిక్కుతోచక తిరుగుతుంటాయి. ఒంటిపూట ఆఫీసు కాబట్టి మధ్యాహ్నానికల్లా అందరూ ఇళ్లకు చేరిపోతారు. ఎండ తగ్గాక క్లబ్బు తలుపు తీస్తారు. షటిల్ ఆడేవాళ్లు షటిల్, క్యారమ్స్ వాళ్లు క్యారమ్స్. ఉద్యోగుల పిల్లలకు అక్కడే బొమ్మలు వేయడం నేర్పుతారు. ప్రాంగణం తోటలోని చెట్ల మామిడికాయలను ఇళ్లవారీగా పంచుతారు. జీతాలు ఆలస్యమైనప్పుడు కూడా ఈ వసతులు చూసుకుని జనం ఓర్చుకునేవాళ్లు. పట్నంలో ఇంత గాలి ఎక్కడ దొరుకుతుంది అనేది క్లబ్బులో తరచూ వినబడే మాట.

వీటన్నిటిలో పెద్దది బస్సు. చదువులు సాగే నెలల్లో అది రోజూ పొద్దున నెల్లూరు వెళ్లి, అక్కడ కాపురాలున్న లెక్చరర్లను ఎక్కించుకుని వచ్చి, సాయంత్రం దించి వచ్చేది. వేసవిలో షెడ్డులో ఊరికే ఉంటుంది కాబట్టి క్లబ్బు అడిగితే ఒకరోజు విహారానికి ఇస్తారు. ఒక ఏడాది సోమశిల, ఒక ఏడాది ఉదయగిరి కొండ.

ఆ బస్సులో డ్రైవరు వెనక సీటు ఒక మనిషిది. రాసిపెట్టిన హక్కు కాదు, అలా జరిగిపోయింది. ప్రాంగణం వెనక గోడకు అవతల చిన్న పల్లె ఉంది. పల్లె నడుమ చర్చి. క్యాంపస్‌లో మోటార్లు, జనరేటరు చూసే అతనిది ఆ పల్లె. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. అతని భార్యకు మూత్రపిండాలు పాడైపోయాయి. ఆ పక్క పల్లెల్లో ఇది కొత్త జబ్బు కాదు. బోరు నీళ్ల వల్ల అని కొందరంటారు, కాదని కొందరంటారు. నేనే ఆ వార్త రెండు రకాలుగానూ రాశాను. ఆమె వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో, నెల్లూరు వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున బస్సు ఖాళీగా వెళ్తుంది కాబట్టి డ్రైవరు ఆమెను ఎక్కించుకునేవాడు. సాయంత్రం లెక్చరర్లను దించి వెనక్కి వచ్చేటప్పుడు తీసుకొచ్చేవాడు. వేసవిలో బస్సు ఆగిపోగానే ఆమె దారి ఆటోలో ఆత్మకూరు, అక్కణ్నుంచి ఆర్టీసీ బస్సు. వేసవి అంతా ఆమె మొహం ఇంకో రకంగా ఉండేది.

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఉండేది. పొద్దున నింపుకుంటే మళ్లీ పొద్దున దాకా అదే. కాఫీ తాగినా, చారు పోసుకున్నా ఆ లెక్కలోంచి తగ్గాల్సిందే. ఒంట్లోకి పోయిన నీళ్లు బయటికి వచ్చే దారి లేదు కాబట్టి మిషన్ దగ్గరికి వెళ్లేదాకా లోపలే ఉంటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి వస్తాయని డాక్టర్లు చెప్పారట. అరటిపండు, కొబ్బరి నీళ్లు లాంటివి తగ్గించమన్నారట. ఇవన్నీ ఆమె మా వెనక గోడ దగ్గర నిలబడి నా భార్యకు చెబుతుంటే విన్నవే. మే నెల ఎండలో నాలుక అంగిట్లో అతుక్కుపోయినప్పుడు ఆ సీసా మూతలో కొంచెం పోసుకుని పెదాలు తడుపుకునేది.

"కల్లో కూడా బాయి కనపడతా ఉంటాది అక్కా. చేద వేస్తానే ఉంటా, పైకి రాదు," అని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

ఇక్కడ గరిటె సంగతి చెప్పాలి. ప్రాంగణం మొదలైన కొత్తలో జరిగిన విహారాల్లో ఒకదానికి నేను కూడా వెళ్లాను, వార్త కోసం. ఉదయగిరి కొండ కింద అందరూ భోజనాలకు దిగారు. లెక్చరర్ల కుటుంబాల నీళ్ల క్యాన్లు ఒక చెట్టు కింద, అటెండర్ల కుటుంబాలవి ఇంకో చెట్టు కింద. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అటెండరు భార్య ఒకామె మజ్జిగ గిన్నె పట్టుకుని ఇటువైపు వచ్చింది. ఉంది చాలమ్మా, ఇప్పుడే తాగాం, అన్నారు వరసగా. చేతిలో గ్లాసులు చూపించారు. ఆమె గిన్నె మూత పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

అప్పుడు ప్రాంగణానికి అధికారిగా ఉన్న పెద్దాయన దాన్ని చూశాడు. ఉదయగిరి బజారుకి మనిషిని పంపి, అక్కడ చేసే చెక్క గరిటెలు ఇంటికొకటి చొప్పున తెప్పించాడు. మరుసటి ఏడాది నుంచి నియమం పెట్టాడు. విహారానికి ప్రతి ఇంటివాళ్లూ ఒక గిన్నె చల్లటి పానీయం తేవాలి. కొండ దిగి వచ్చాక అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ప్రతి ఇంటివాళ్లూ తమ గిన్నెతో తిరిగి ప్రతి మనిషి గ్లాసులో ఒక గరిటె పోయాలి. గ్లాసు వెనక్కి తీసుకోకూడదు. మొదట్లో కొందరు మొహం చిట్లించారు, ఒకరిద్దరు విహారాలకు రావడం మానేశారు. తర్వాత అది అలవాటైంది. చివరికి దాని కోసమే విహారానికి వచ్చేంత ఇష్టమైంది. కోమట్ల ఇంటి నన్నారి షర్బత్, సాయిబుల ఇంటి సబ్జా నీళ్లు, ఎవరిది బాగుందో ఏడాదంతా చెప్పుకునేవాళ్లు.

కానీ ఆ పెద్దాయన పదవీ విరమణ చేశాక అవుట్‌సోర్సింగ్ వచ్చింది. కొత్త అటెండర్లు, తోటపనివాళ్లు, మోటార్లు చూసేవాళ్లు క్యాంపస్ ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు. క్లబ్బులో సభ్యత్వం లేదు, మామిడికాయల్లో వాటా లేదు. విహారానికి వాళ్లూ వచ్చేవాళ్లు, గిన్నెలు మోయడానికి. గుండ్రంగా కూర్చున్నవాళ్ల వెనక నిలబడేవాళ్లు. అడిగితే ఎవరైనా పోసేవాళ్లేమో, వాళ్లు అడగలేదు.

దీన్ని మార్చింది వృక్షశాస్త్రం మేడమ్. ఆ ఏడాది క్లబ్బు కార్యదర్శి ఆమె. ఏజెన్సీ మనుషులకు కూడా సభ్యత్వం ఇవ్వాలని పట్టుబట్టి, రెండు సమావేశాలు గొడవపడి సాధించింది. మొదటి ఆహ్వానం చెప్పడానికి తానే వెనక గేటు నుంచి పల్లెకు వెళ్లింది. నా భార్య కూడా వెళ్లింది. మోటార్లు చూసే అతని ఇంటి ముందు నిలబడి, ఈసారి ఉదయగిరికి మీ గిన్నెతో మీరిద్దరూ రావాలి అని చెప్పారట. ఆ ఇంటావిడ కొండ వైపు చూసిందట.

"పుట్టినకాడ నుంచి ఆ కొండ కనపడతానే ఉండాది మేడమ్. దగ్గిరికి పోయింది లేదు," అందట.

విహారం ఆదివారం అనుకున్నారు. ఆదివారం ఏదో పరీక్ష పనికి బస్సు కావాలని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. దాంతో శనివారానికి జరిపారు. శనివారం ఆమె నెల్లూరు వెళ్లాల్సిన రోజు. ఎవరికీ గుర్తు రాలేదని చెప్పలేను. వృక్షశాస్త్రం మేడమ్‌కు గుర్తు వచ్చింది, మోటార్లు చూసే అతనికి ఫోన్ చేసి అడిగింది. భార్యాభర్తలు అప్పటికే ఆలోచించుకున్నారు. ఆదివారం మిషన్లు నడవవు, సోమవారం పొద్దున్నే వస్తామని ఆస్పత్రిలో అడిగితే, రండి గానీ అప్పటిదాకా నీళ్లు బాగా తగ్గించాలని గట్టిగా చెప్పారట. అతను ఆ మాట మా అరుగు దగ్గర నిలబడి నాతో కూడా చెప్పాడు. ఆమె రెండేళ్లుగా ఎక్కడికీ పోలేదని, ఈ ఒక్కదానికీ వద్దంటే బాగుండదని అన్నాడు.

"సభ్యత్వం ఇచ్చిన మొదటేడే రాలేదంటే, వీళ్లకి పిలిచినా గర్వమే అంటారు సార్," అన్నాడు.

శనివారం తెల్లారకముందే బస్సు బయల్దేరింది. ఆమె డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, ఒళ్లో మూత చుట్టూ తువ్వాలు కట్టిన స్టీలు గిన్నె. నిమ్మరసం, కొంచెం అల్లం, పటికబెల్లం. తాను రుచి చూడకుండా కలిపిందట. అది ఒలక్కుండా దారంతా రెండు చేతులతో పట్టుకుంది. సీసా పక్కన పెట్టుకుంది. దాన్నిండా నీళ్లు ఉన్నాయి, చల్లటి పూటే తాగేస్తే తర్వాత ఏం చేయాలని ముట్టుకోలేదు.

కొండ కింద పాత మండపం ఒకటి ఉంది. కప్పు సగం మిగిలింది. మోకాళ్లు సహకరించని మాలాంటి వాళ్లం ఆ నీడలో కూర్చున్నాం. ఆమె కూడా అక్కడే కూర్చుంది. మిగిలినవాళ్లు కొండ ఎక్కారు. ఆమె భర్త మంచినీళ్ల క్యాను భుజాన వేసుకుని వాళ్లతో వెళ్లాడు. సభ్యుడైనా ఆ పని ఎవరూ అతని దగ్గర్నుంచి తీసుకోలేదు, అతను ఇవ్వలేదు. ఆమె తల ఎత్తి కొండ మీది కోట గోడను చూస్తూ కూర్చుంది. రాళ్లు ఎట్లా పైకి మోసుంటారు అని ఒకసారి అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. ఎండ ముదిరింది. ఆమె సీసా మూతలో పోసుకుని పెదాలు తడుపుకుంది.

వాళ్లు దిగి వచ్చేసరికి మండపం రాళ్లు కాలుతున్నాయి. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. వృక్షశాస్త్రం మేడమ్ లేచి, ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ల గిన్నెతో మొదలుపెడదాం అంది. మోటార్లు చూసే అతని భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. గిన్నె భర్త పట్టుకున్నాడు, గరిటెతో ఆమె పోసింది. ప్రతి గ్లాసూ ముందుకు వచ్చింది. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తాగి మళ్లీ పట్టారు కొందరు. ఫిజిక్స్ ఆయన, ఎవరింట్లోనూ ఏదీ మెచ్చుకోని మనిషి, మూడోసారి గ్లాసు చాచి, "ఇంకా ఉండాదా అమ్మా, మా ఇంట్లో నిమ్మకాయలు ఊరికే ఎండిపోతాయి," అన్నాడు. అందరూ నవ్వారు. గిన్నె అడుగు కనపడింది. ఆమె దాన్ని వంచి అందరికీ చూపించింది. ఆ క్షణంలో ఆమె మొహంలో జబ్బు కనిపించలేదు.

తర్వాత మిగిలిన ఇళ్లు మొదలయ్యాయి. గరిటె చిన్నది. గుప్పిట్లో పట్టేంత. పోసిన ప్రతివాళ్లూ అదే అనుకున్నారు, ఒక్క గరిటెకు ఏమవుతుందని. పోయడం మానేస్తే ఏమనుకుంటుందోనని కూడా అనుకున్నారు. ఆమె జబ్బు గుర్తుండి, మా ఇంటిది వద్దులేమ్మా అంటే అది ఎట్లా వినపడుతుంది, అందునా మొదటి ఏడాది. మజ్జిగ. నన్నారి. పుచ్చకాయ రసం. పచ్చిమామిడి నీళ్లు. ఒకావిడ కొబ్బరి బొండాలు కొట్టించి గిన్నె నిండా నీళ్లు తెచ్చింది. కిడ్నీలకు మంచిదని రెండు గరిటెలు పోసింది. ప్రేమతోనే పోసింది. మా ఇంటి బార్లీ నీళ్లు కూడా ఆ గ్లాసులో పడ్డాయి. నా భార్య సగం గరిటె పోసి, తలెత్తి ఆమె మొహం చూసి, మిగతా సగం కూడా పోసింది.

ఆమె ప్రతిసారీ తాగింది. నెమ్మదిగా, చివరి చుక్క దాకా. ఆమె భర్త వరస మధ్యలో వచ్చి వెనక కూర్చున్నాడు.

"చాలు మే," అన్నాడు తక్కువ గొంతుతో.

"నా గిన్నె అడుగంటేదాకా తాగినారు. నేనెట్టా గ్లాసు ఎనక్కి తీసుకునేది. నువ్వూరుకో," అంది.

గ్లాసు మళ్లీ ముందుకు వెళ్లింది. అది మర్యాదో, రెండేళ్ల దాహమో నేను చెప్పలేను. రెండూ ఒకే గ్లాసులో ఉన్నాయి. వార్త రాసేవాణ్ని కాబట్టి కారణం ఒకటే పెట్టి వాక్యం ముగించడం నాకు అలవాటు. ఇక్కడ అది కుదరదు.

తిరుగు ప్రయాణంలో పాటలు పాడారు. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. సాయంత్రానికల్లా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వచ్చాయి. ఖాళీ గిన్నె వంచి చూపిస్తున్న ఫొటో కింద చేతులు జోడించిన బొమ్మలు, పూల బొమ్మలు వరసగా పడ్డాయి.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు చేరగిలబడి కూర్చుందట. మధ్యాహ్నానికి మాట రావడం కష్టమైంది. అతను మా గోడ దగ్గరికి వచ్చి నా భార్యను పిలిచాడు. బస్సు పరీక్ష పని ముగించుకుని వచ్చి షెడ్డులోనే ఉంది. తాళాలు డ్రైవరు దగ్గర, డ్రైవరు వాళ్ల ఊరు అనంతసాగరం వెళ్లిపోయాడు. ఆటోలో ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఆక్సిజన్ పెట్టి వెంటనే అంబులెన్సులో నెల్లూరు పంపించారు. నేను, నా భార్య వెనక ఇంకో బండిలో వెళ్లాం. సంగం దాటాక అంబులెన్సు రోడ్డు పక్కన ఆగింది. మేము దిగి దగ్గరికి వెళ్లేసరికి అతను వెనక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఆమె సీసా. దాన్లో శనివారం నింపిన నీళ్లు ఇంకా సగం ఉన్నాయి.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి గుండె ఆగిందని చెప్పారు. సోమవారం చర్చి పక్కన సమాధి చేశారు. క్లబ్బు అంతా వచ్చింది. పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కొబ్బరి నీళ్లు పోసినావిడ గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, ఎందుకు ఆగావని అడగలేదు. నలభై మంది ఇళ్లకు వెళ్లి తలుపులు వేసుకుని ఎవరికి వాళ్లు అదే విషయం ఆలోచించారని నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో మేము కూడా అంతే. నా భార్య ఆ గరిటెను కడిగి, తుడిచి, అటక మీద పెట్టింది. నేను చూశాను.

క్లబ్బు సమావేశంలో ఆ ప్రస్తావన ఒక్కసారి వచ్చింది. వృక్షశాస్త్రం మేడమ్ కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చింది, సమావేశానికి రాలేదు. మిగిలినవాళ్లు కాసేపు విద్యుత్ బిల్లు గురించి మాట్లాడుకున్నారు. ఫిజిక్స్ ఆయన లేచి, ఇక ఆ గరిటెల పద్ధతి వద్దు, ఎవరికి ఏ జబ్బు ఉందో ఎవరికి తెలుసు, తలకొక సీల్ వేసిన జ్యూస్ సీసా కొందాం అన్నాడు. అందరూ వెంటనే సరేనన్నారు. అంత వెంటనే ఒప్పుకోవడం ఆ క్లబ్బులో నేను చూడలేదు.

ఆ మాట మోటార్లు చూసే అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ పూట అతను సమావేశానికి రాలేదు. తర్వాత ఎదురుపడిన ప్రతివాళ్లూ ఇంకెవరో చెప్పి ఉంటారనుకున్నారు. అతని ముందు గరిటె అన్న మాట ఎత్తడం ఎవరి వల్లా కాలేదు. నా వల్ల కూడా కాలేదు.

మరుసటి వేసవి మళ్లీ ఉదయగిరే అనుకున్నారు. అతను రాడనుకున్నాం. తెల్లవారుజామున బస్సు దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో అదే స్టీలు గిన్నె, మూత చుట్టూ అదే తువ్వాలు. డ్రైవరు వెనక సీటు అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. అతను వెళ్లి అందులో కూర్చున్నాడు.

కొండ దిగి వచ్చాక అదే మండపం కింద గుండ్రంగా కూర్చున్నాం. ఐసు పెట్టెలోంచి సీసాలు తీసి పంచారు. మూతలు తిప్పిన చప్పుడు అందరిదీ ఒకేసారి వినిపించింది. అతను చుట్టూ చూశాడు. అర్థమైంది అతనికి. అయినా లేచాడు. గిన్నె చంకన పెట్టుకుని, గరిటె పట్టుకుని మొదటివాళ్ల దగ్గరికి వెళ్లాడు.

వాళ్లు సీసా పైకెత్తి చూపించారు. "ఉండాది అన్నా, చాలు," అన్నారు. పక్కవాళ్లు అదే చేశారు. ఆ పక్కవాళ్లు కూడా. ఎవరూ అతని మొహం వైపు చూడలేదు. చూడలేకనే అన్నారు ఆ మాట, తాగడం ఇష్టం లేక కాదు. నాకు తెలుసు. కానీ చాలా ఏళ్ల క్రితం అదే కొండ కింద ఒక గిన్నె ముందు ఇలాగే వరసగా గ్లాసులు పైకి లేవడం చూసినవాణ్ని. చూడడానికి రెంటికీ తేడా ఏమీ లేదు. అతనికి తేడా ఎట్లా తెలుస్తుంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు గ్లాసు లేదు. సీసాలో ఉన్నది నేల మీద పారబోసి పట్టాను. నా భార్య కూడా పట్టింది. నిమ్మరసం. అల్లం కొంచెం ఎక్కువైంది. అతను గిన్నెలోకి చూసుకున్నాడు. దాదాపు నిండుగానే ఉంది.

"ఆమె కలిపితే మిగిలేది కాదు సార్," అన్నాడు. "నాకు కొలత తెలీలేదు."

రుచి బాగుందని చెప్పాను. అతను తల ఊపి మూత పెట్టాడు. తువ్వాలు మళ్లీ గట్టిగా కట్టాడు. పారబోస్తాడేమో అనుకున్నాను. పారబోయలేదు. బస్సెక్కి, అదే సీట్లో కూర్చుని, దారిలో ఒలక్కుండా రెండు చేతులతో ఒళ్లో పట్టుకున్నాడు.